4 టీబీ డిస్క్ కొంటే 128 జీబీయేనా?

ప్రశ్న: మా దగ్గర పాత స్కానర్ ఒకటి ఉంది, దాని సాఫ్ట్‌వేర్ విండోస్ ఎక్స్‌పీలో తప్ప నడవదు. ఆ కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ పోతే కొత్తగా 4 టీబీది కొని బిగించాను. ఎక్స్‌పీ వచ్చిన కొత్తలో కొన్న సీడీతో ఇన్‌స్టాల్ చేయబోతే డిస్క్ మొత్తం కలిపి 128 జీబీ ఉన్నట్టు చూపిస్తోంది. నకిలీ డిస్క్ అంటగట్టారంటారా?

జవాబు: లేదండీ, డిస్క్‌ను అనుమానించాల్సిన పనిలేదు, చిక్కంతా మీ సీడీతోనే. 2001లో వచ్చిన మొదటి ఎక్స్‌పీ డిస్క్‌లోని సెక్టార్లకు (డేటా రాసుకునే చిన్న గదులకు) నంబర్లు వేయడానికి 28 బిట్లే వాడుతుంది, సెక్టారుకు 512 బైట్ల చొప్పున లెక్కేస్తే 137 జీబీ దగ్గర నంబర్లు అయిపోతాయి, డిస్క్ కంపెనీలు వెయ్యితోనూ విండోస్ 1024తోనూ లెక్కేస్తాయి కాబట్టి అదే మీకు 128గా కనిపిస్తోంది. (అన్నట్టు, ఈ లెక్క వల్లే ఏ కొత్త విండోస్‌లో పెట్టినా మీ 4 టీబీ 3.63 గానే కనిపిస్తుంది, అప్పుడూ షాపువాళ్ల మీదకు వెళ్లకండి.) 48 బిట్ల నంబర్లు 2002లో సర్వీస్ ప్యాక్ 1తో (మైక్రోసాఫ్ట్ ఇచ్చిన అప్‌డేట్ల మూటతో) వచ్చాయి. సర్వీస్ ప్యాక్ 2 గానీ 3 గానీ కలిపి ఉన్న సీడీ దొరికితే సగం తలనొప్పి తీరినట్టే, మదర్‌బోర్డు బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాం) మరీ పాతది కాకపోతే.

దొరకలేదా, మీ సీడీతోనే కానివ్వండి. ముందు 60 జీబీ పార్టిషన్ (డిస్క్‌లో ఒక భాగం) ఒక్కటే చేసి అందులో ఎక్స్‌పీ ఎక్కించి, సర్వీస్ ప్యాక్ 2, దాని మీద 3 వేసి (నేరుగా 3 వేయబోతే ఒప్పుకోదు), ఆ తర్వాతే డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి మిగతా చోటు వాడుకోండి. ఇక్కడ ఒక్క విషయం మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఎప్పుడో ఎక్స్‌పీ మొరాయించిందని ఇదే పాత సీడీతో రిపేర్ చేశారంటే మళ్లీ 28 బిట్లకు వచ్చి పడతారు, 128 జీబీ అవతల రాయాల్సిన డేటా డిస్క్ మొదట్లో ఉన్న ఫైళ్ల మీద పడి వాటిని పాడుచేయొచ్చు. ఇన్‌స్టాల్ అయ్యాక ఆ సీడీని దాచేయడమే మంచిది.

ఇంత చేసినా 4 టీబీ మొత్తం మీ చేతికి రాదు. 32 బిట్ ఎక్స్‌పీకి తెలిసింది పార్టిషన్ల వివరాలు రాసుకునే ఎంబీఆర్ పద్ధతి ఒక్కటే, అది 2.2 టీబీ దాటి చూడలేదు. అంతకంటే పెద్ద డిస్కులకు పనికొచ్చే కొత్త పద్ధతి జీపీటీని ఇది చదవనే చదవదు. అంటే 1.8 టీబీ ఊరికే పడి ఉంటుంది. నన్నడిగితే ఈ డిస్క్ మరో కంప్యూటర్‌లో పెట్టి, స్కానర్ మిషన్‌కు ఏ 250 జీబీదో, 500 జీబీదో చిన్నది చూసుకోండి. స్కాన్ చేసినవి యూఎస్‌బీలో ఎత్తుకెళ్తే సరిపోతుంది.

ఏ డిస్క్ పెట్టినా ఇంకో రెండు మాటలు. ఈమధ్య డిస్కులు లోపల 4096 బైట్ల సెక్టార్లతో పనిచేస్తాయి, ఎక్స్‌పీ మాత్రం పార్టిషన్‌ను 63వ సెక్టార్ దగ్గర మొదలుపెడుతుంది, దాంతో రాయడం బాగా నెమ్మదిస్తుంది. ముందే విండోస్ 7లో గానీ జీపార్టెడ్ అనే ఉచిత ప్రోగ్రాంతో గానీ పార్టిషన్ చేసి పెట్టుకోండి, అప్పుడది 1 ఎంబీ దగ్గర సరిగ్గా మొదలవుతుంది. ఇన్‌స్టాల్ మధ్యలో 7బి నంబరుతో నీలం తెర వస్తే టెన్షన్ పడకండి, బయోస్‌లో సాటా మోడ్‌ను (డిస్క్‌తో మాట్లాడే పద్ధతిని) ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి మార్చి మళ్లీ మొదలుపెట్టండి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2014 ఏప్రిల్ 8తోనే ఆగిపోయింది, కాబట్టి ఆ మిషన్‌కు నెట్ కనెక్షన్ ఇవ్వకండి.

ప్రశ్న: విండోస్ 7కి కూడా ఇదే గొడవా? నాది 3 టీబీ డిస్క్.

జవాబు: 128 జీబీ గొడవ ఉండదు. 3 టీబీ మొత్తాన్నీ బూట్ డిస్క్‌గా (విండోస్ మొదలయ్యే డిస్క్‌గా) వాడాలంటే మాత్రం 64 బిట్ విండోస్ 7, బయోస్ బదులు వచ్చిన యూఈఎఫ్‌ఐ ఉన్న మదర్‌బోర్డు, జీపీటీ పార్టిషన్ మూడూ కావాలి. పాత బయోస్ అయితే చిన్న డిస్క్ నుంచి బూట్ చేసి, ఈ 3 టీబీని జీపీటీగా మార్చి డేటాకు వాడుకోండి, దానికి 32 బిట్ విండోస్ 7 అయినా ఫర్వాలేదు.