ఆ మందు డీఎన్‌ఏదే.. మరి పాప జన్యువులు మారిపోతాయా?

ప్రశ్న: మా పాపకు మూడున్నరేళ్లు. కూర్చుంటుంది కానీ నిలబడలేదు. వెన్నులోని నరాల కణాలు చచ్చిపోయి కండరాలు బలహీనపడే స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ టైప్-2 అని తేలింది. వెన్నులోకి నుసినెర్సెన్ ఇంజక్షన్ ఇద్దామంటున్నారు. అది రసాయనికంగా మార్చిన డీఎన్‌ఏ అట. పాప జన్యువులు మారిపోతాయా? రేపు తన పిల్లలకూ ఆ మార్పు వెళ్తుందా? ఒక్క ఇంజక్షన్‌తో ఎందుకు సరిపోదు?
– ఒక తల్లి

జవాబు: మారవమ్మా. ఈ మందు పాప డీఎన్‌ఏ జోలికే పోదు. జన్యువు నుంచి కణం తీసుకునే నకలు ఉంటుంది, ఆర్‌ఎన్‌ఏ అంటాం. మందు అతుక్కునేది దానికే. కొన్ని నెలల్లో ముక్కలై బయటికి పోతుంది. పాప నుంచి తన పిల్లలకు జబ్బు తాలూకు లోపం ఒక కాపీ వెళ్లడం నిజమే, కానీ దానికీ మందుకీ సంబంధం లేదు.

పాపకు లేనిది ఎస్‌ఎంఎన్1 జన్యువు, నరాల కణాలకు కావాల్సిన ప్రొటీన్‌ను తయారుచేయించేది అదే. దాదాపు అలాంటిదే ఎస్‌ఎంఎన్2 ఉంది. కానీ దాని నకలును కత్తిరించి అతికేటప్పుడు కణం చాలాసార్లు ఎక్సాన్ 7 అనే ముక్కను వదిలేస్తుంది. అలా తయారైన ప్రొటీన్ ఎక్కువసేపు నిలవదు. ఆ ముక్కను వదిలేయమని చెప్పే చోటు నకలులో పక్కనే ఉంటుంది. ఈ మందు 18 జన్యు అక్షరాల చిన్న గొలుసు. సరిగ్గా అక్కడికెళ్లి దాన్ని కప్పేస్తుంది. దాంతో ఎక్సాన్ 7 నకలులో నిలిచి, పనికొచ్చే ప్రొటీన్ పెరుగుతుంది.

ఇక మిమ్మల్ని భయపెట్టిన ఆ ‘మార్పు’. మామూలు డీఎన్‌ఏ ముక్కను ఒంట్లోకి పంపితే ఎంజైములు చూస్తుండగానే నమిలేస్తాయి. అందుకే అక్షరాలను కలిపే ప్రతి లంకెలో ఒక ఆక్సిజన్ తీసి గంధకం పెట్టారు. ప్రతి అక్షరంలోనూ ఉండే చక్కెరకు మెథాక్సీఇథైల్ అనే చిన్న తోక తగిలించారు. దాంతో చక్కెర వంపు ఆర్‌ఎన్‌ఏలో ఉండే వంపులా మారి పట్టు గట్టిపడుతుంది. నాకు ముచ్చటేసేది మరొకటుంది. గొలుసు మధ్యలో కొన్ని చక్కెరలకు తోక పెట్టకుండా డీఎన్‌ఏలాగే వదిలేస్తే, ఆర్‌ఎన్‌ఏస్-హెచ్ అనే ఎంజైము వచ్చి నకలును నరికేస్తుంది. కండరాలను కదిలించే నరాల కణాలు చచ్చిపోయే జబ్బు ఏఎల్‌ఎస్‌. అందులో ఒక రకానికి 2023లో అమెరికాలో అనుమతి పొందిన టోఫెర్సెన్‌ను కావాలనే అలా చేశారు. అక్కడ ప్రొటీన్ తగ్గాలి. మీ పాపకు పెరగాలి, అందుకే తోక అన్నిటికీ ఉంది, నకలు తెగదు.

మందు కరిగిపోతుంది కాబట్టే మళ్లీ మళ్లీ ఇవ్వాలి. రక్తం నుంచి మెదడులోకి దాటలేదు కాబట్టే వెన్నులోకి ఇస్తారు. ఎక్కువగా వాడే పద్ధతిలో 12 మిల్లీగ్రాముల చొప్పున మొదటి మూడూ 14 రోజుల తేడాతో, నాలుగోది మరో 30 రోజులకు, తర్వాత 4 నెలలకోసారి. ప్రతి డోసుకు ముందు ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే తీరు, మూత్రంలో ప్రొటీన్ చూడాలి. తర్వాత తలనొప్పి, నడుంనొప్పి, వాంతులు మామూలే. వాంతులు ఆగకపోయినా, పాప మరీ మగతగా ఉన్నా వెంటనే తీసుకెళ్లండి.

ఆశ ఎంత పెట్టుకోవాలి? 2 నుంచి 12 ఏళ్ల 126 మంది పిల్లలపై జరిగిన ట్రయల్‌లో, మందు తీసుకున్నవారిలో 57 శాతం మందికి కదలికల సామర్థ్యాన్ని కొలిచే హామర్‌స్మిత్ స్కోరు కనీసం 3 పాయింట్లు పెరిగింది. తీసుకోనివారిలో 26 శాతానికే. చచ్చిపోయిన నరాల కణాలు తిరిగి రావు, కాబట్టి ఆలస్యం చేయకండి. ఫిజియోథెరపీ మానొద్దు. మొదటి ఇంజక్షన్‌కు ముందే పాప హామర్‌స్మిత్ స్కోరు రాయించుకోండి, లేకపోతే ఆరునెలల తర్వాత మందు పనిచేస్తోందో లేదో పోల్చి చూడలేం. మరో బిడ్డను అనుకుంటుంటే ముందు జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్లండి. మీరిద్దరూ క్యారియర్లయితే, అంటే జబ్బు లేకున్నా లోపమున్న కాపీ ఒకటి మోస్తుంటే, ప్రతి గర్భంలోనూ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం.