రాగులతో పాటు పంపుతున్న ఉత్తరం

చిత్తూరు

పాపా,

రాత్రి మీ నాయన ఫోన్ చేసినాడు. "మన పాప వచ్చే సోమవారం క్లాసులో అట్టలు, కత్తెర్లు పెట్టి గరిష్ఠ, కనిష్ఠాలు చెప్తాదంట అన్నా" అన్నాడు. వాడి గొంతు నిండా గర్వమే. నాకూ గర్వంగానే ఉంది గానీ నిద్ర మాత్రం పట్టలేదు. తిరుపతిలో ఉద్యోగంలో చేరి ఆర్నెల్లు కాలేదు, అప్పుడే ఈ సాహసమా? మీ అవ్వ ఉండుంటే దిష్టి తీసి ఉండేది.

ముందు బ్లేడు సంగతి. పిల్లకాయలు కత్తెర మర్చిపోయి బ్లేడు తెస్తారు, ఒక్కదాన్నీ లోపలికి రానీయొద్దు. నీకు నవ్వులాటగా ఉంటాది. బెంచీ మీద రక్తం చూసినోణ్ణి నేను. ఇంకోటి, పాత క్యాలెండర్లు తెమ్మని చెప్పొద్దు. తిరుపతిలో ఏ ఇంట్లో చూసినా స్వామి బొమ్మ ఉండే దేవస్థానం క్యాలెండరే. దాని మీద కత్తెర పెట్టమంటే ఏ బిడ్డ పెడతాది? నువ్వే చార్టులు కొని, ముప్పై సెంటీమీటర్ల చదరాలుగా కోయించి తీసుకుపో. ఫ్యాన్లు ఆపించు.

నాలుగు మూలలా చదరాలు కత్తిరించి, అంచులు పైకి మడిచి, టేపు వేస్తే మూతలేని పెట్టె. ఒక్కో గుంపుకు ఒక్కో కోత. ఏ కోతకు పెట్టెలో ఎక్కువ పడతాదో చూడాల. ఇదంతా నీకు తెలిసిందే.

ఇప్పుడు నీకు తెలియనిది, మీ నాయనకు కూడా ఎప్పుడూ చెప్పనిది రాస్తా.

1996లో ఇక్కడే ఒక జూనియర్ కాలేజీలో ఈ పనే నేనూ చేసినా. పెట్టెల్లో రాగులు పోయించి, కెమిస్ట్రీ ల్యాబు నుంచి తెచ్చిన కొలజాడీతో కొలిపించినా. బియ్యం కన్నా రాగులు మేలు, సన్నగా ఉంటాయి, మూలల్లోకి జారతాయి. ప్రిన్సిపాల్ వెనక బెంచీలో కూర్చోనున్నాడు. బోర్డు మీద పట్టిక గీసినా. 5 సెంటీమీటర్ల కోతకు 2000 ఘన సెంటీమీటర్లు రావాలి, అదే గరిష్ఠం. 6కి 1944. ఐదు కోత గుంపుకు 1980 వచ్చింది. ఆరు కోత పెట్టెది ఒక అమ్మాయి గుంపు. పలమనేరు వైపు నుంచి బస్సులో వచ్చేది, రెండు జడలు, ఎప్పుడూ మూడో బెంచీ. లేచి నిలబడి "2010 సార్, మాదే పెద్దది" అనింది.

నాకు చెమటలు పట్టినాయి. వెనక ప్రిన్సిపాల్ చూస్తున్నాడు. "మీకు కొలవడం రాలేదు" అని ఆ 2010 తుడిచేసి, 1944 అని రాసినా. ఆ పిల్ల పట్టిక వైపు చూసింది, చేతిలో ఉన్న పెట్టె వైపు చూసింది. "మరి మిగిలిన రాగులు ఎక్కడికి పోయినాయి సార్?" అనింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వినా పాపా. ఆ ఏడాది పొడుగునా ఆ పిల్ల మళ్ళీ ఒక్క ప్రశ్న అడగలేదు.

రాగులు ఎక్కడికీ పోలేదు. ఆ పెట్టె అడుగు 18కి 18, అంటే 324 చదరపు సెంటీమీటర్లు. పైన రెండు మిల్లీమీటర్లు గుట్టగా పోస్తే చాలు, 65 దాకా పెరుగుతాది. 1944కి 65 కలిపి చూడు. ఆ పిల్ల సరిగ్గానే కొలిచింది, పైన చదును చెయ్యలేదు, అంతే. చదును చెయ్యమని చెప్పాల్సింది నేను.

అసలు పాఠం ఆ తప్పులోనే ఉంది. కోత 1 నుంచి 2కి పోతే 784 కాస్తా 1352 అవుతాది. అక్కడ రెండు మిల్లీమీటర్ల గుట్ట ఎవరి వరసనూ మార్చలేదు. 4, 5, 6 దగ్గర 1936, 2000, 1944. పిడికెడు రాగులతో పెద్దదేదో తారుమారైపోతాది. ఎందుకు? కోతకూ పరిమాణానికీ గీసిన వక్రం అక్కడ చదునైపోయింది కాబట్టి. వాలు సున్నా అంటే అదే కదా! అవకలజం, అంటే ఆ వాలే, సున్నా అని సుద్దముక్కతో రాస్తూ, ఆ సున్నా పిల్ల చేతిలో కనిపిస్తే తుడిచేసినా.

చాలా ఏళ్ళ తర్వాత, గ్రహాల దారులు లెక్కగట్టిన కెప్లర్ కథ చదివినా. 1613లో ఆస్ట్రియాలోని లింజ్‌లో ఆయన రెండో పెళ్ళి కొత్తలో ఇంటికి వైన్ పీపాలు తెప్పించినాడు. వర్తకుడు బెజ్జంలో నుంచి కడ్డీ ఏటవాలుగా దూర్చి, తడిసిన పొడవును బట్టి ధర కట్టినాడంట. ఇదేం కొలత అని ఆయనకు అనుమానం. 1615లో దాని మీద పుస్తకమే అచ్చువేసినాడు. గరిష్ఠం దగ్గర కొలతలు కొంచెం అటూఇటూ అయినా పరిమాణం పెద్దగా మారదని అందులో గమనించినాడు. ఆ పిల్ల గమనించింది కూడా అదే.

అందుకని వాళ్ళ అంకెలు తుడవొద్దు. తప్పొస్తే బోర్డు మీద అట్లే ఉండనీ. వెనక బెంచీలో ఎవరు కూర్చోనున్నా సరే.

వాలు సున్నా అయిన చోటల్లా శిఖరమే అనుకుంటారు పిల్లలు. అప్పుడు కొండ నడక గుర్తుచెయ్. నీకు ఐదేళ్ళప్పుడు అలిపిరి నుంచి నా భుజాల మీద ఎక్కినావు. గాలిగోపురం దాటి దారి చదునుగా రాగానే "పెదనాయనా, కొండొచ్చేసింది, దించు" అని గోల. దిగి పరిగెత్తినావు, మోకాళ్ళ పర్వతం మెట్లు చూసి ఏడుపు. ముందూ ఎక్కుడే, వెనకా ఎక్కుడే అయితే ఆ చదును శిఖరం కాదు. వాలు ధనం నుంచి రుణానికి మారాల.

టైముంటే డబ్బాలు కొలిపించు. ఒకే పరిమాణానికి తక్కువ రేకు పట్టే స్థూపానికి ఎత్తూ వ్యాసమూ సమానం. మామిడి గుజ్జు డబ్బాలు తెస్తే చాలావాటికి అట్లా ఉండదు. వాదించుకోనీ. గుండ్రటి మూత కోస్తే చుట్టూ రేకు వృథా కదా అని ఎవడో ఒకడు అంటాడు. ఈఏపీసెట్‌లో వస్తాదా మేడమ్ అని ఇంకొకడు అడుగుతాడు. కోప్పడొద్దు, వస్తాదని చెప్పు.

రాగులు కొనొద్దు. మీ పెద్దమ్మ మూడు కిలోలు జల్లించి, సంచి మూతి కుట్టి పెట్టింది. గుంపులు ఒకరి తర్వాత ఒకరు అవే వాడుకుంటే సరిపోతాయి. ఆదివారం బస్సులో పంపుతా. నేల మీద ఒలికినవి కూడా ఎత్తి తిరిగి పంపమంటోంది, సంగటికంట.

మీ పెదనాయన