చెప్పుల డబ్బాతో గేమ్ కంట్రోలర్ అవుతుందా?

తిరుపతిలో ఏడో తరగతి చదివే మీ బాబుతో ఇంట్లోనే గేమ్ కంట్రోలర్ చేయించడం ఎలా అని అడిగారు. సోల్డరింగ్ (లోహం కరిగించి వైర్లు అతకడం) అక్కర్లేదు. మైక్రోబిట్ బోర్డు (పిల్లలు కోడింగ్ నేర్చుకునే చిన్న కంప్యూటర్ బోర్డు), రెండు క్లిప్ వైర్లు, అల్యూమినియం ఫాయిల్, చెప్పుల డబ్బా అట్ట చాలు.

అట్టను మడిచి లోపల రెండు వైపులా ఫాయిల్ అంటించండి. ఒకదాన్ని బోర్డు అంచునున్న 0 పిన్‌కు (వైరు తగిలించే చోటు), రెండోదాన్ని జీఎన్‌డీకి (గ్రౌండ్ పిన్) కలపండి. నొక్కితే ఫాయిళ్లు తాకి సర్క్యూట్ పూర్తవుతుంది, అదే బటన్. అసలు 0, 1, 2 పిన్‌లకు బోర్డులోనే 10 మెగాఓమ్‌ల (కోటి ఓమ్‌ల) రెసిస్టర్లు, అంటే కరెంటును అడ్డుకునే భాగాలు ఉంటాయి. మన ఒంటి నిరోధం అంతకన్నా బాగా తక్కువ. అందుకే ఒక చేత్తో జీఎన్‌డీ, ఇంకో చేత్తో పిన్ పట్టుకున్నా చాలు, పిల్లలు ఇది చూసి వదలరు! కరెంటు ఇచ్చే 3వీ పిన్‌ను మాత్రం జీఎన్‌డీకి కలపకూడదు.

కోడింగ్ సులువే. బ్లాకులు పేర్చి కోడ్ రాసే స్క్రాచ్ ప్రోగ్రామ్‌లో మైక్రోబిట్ ఎక్స్‌టెన్షన్ తెరిచి, పిన్ 0 కనెక్ట్ అయినప్పుడు పనిచేసే బ్లాక్ కింద కదిలే బ్లాకులు తగిలించడమే. కంప్యూటర్‌లో బ్లూటూత్, బోర్డును స్క్రాచ్‌కు కలిపే స్క్రాచ్ లింక్ ప్రోగ్రామ్ ఉండాలి.

మా పాప అలిపిరి మెట్లెక్కే పిల్లి ఆట చేసింది. నొక్కీ నొక్కీ అట్ట అణిగిపోయి, ఫాయిళ్లు తాకే ఉండిపోయి, పిల్లి ఒక్క మెట్టు దగ్గరే ఆగిపోయింది. గిన్నెలు తోమే స్పాంజికి చిల్లు పెట్టి మధ్యలో ఇరికించాక కదిలింది.