బుజ్జీ, ముందు బస్టాపులో నిలబడు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, నువ్వూ నీ ఫ్రెండ్సూ కలిసి బెజవాడలో బస్సులూ రోడ్లూ ఎలా ఉంటే గాలి బాగుపడుతుందో రాసి, సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే గ్రీవెన్సులో ఇవ్వబోతున్నారని. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. బెంజ్ సర్కిల్ దగ్గర నా కొంగు పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని రోడ్డు దాటిన పిల్లవి నువ్వు. ఇప్పుడు ఊళ్లో అందరి తరఫునా అడగడానికి వెళ్తున్నావంటే ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. అంత టెన్షన్‌గానూ ఉంది, ఎందుకో చెప్తాను.

పైపై సంగతులు మీకు తెలిసినవే. తెలుగులో రాయండి, రెండు పేజీలు దాటనివ్వకండి. రెండో కాపీ మీద స్టాంపు వేయించుకుని తెచ్చుకోండి. ఏ పార్టీ వాళ్లతోనూ ఫొటో దిగకండి. ఎండలో వెళ్తారు, మంచినీళ్ల సీసా మర్చిపోకు.

అసలు మాట ఇది. మీ అమ్మ నీ కాగితం చదివి వినిపించింది. మొదటిది ఎలక్ట్రిక్ బస్సులు, రెండోది మెట్రో, మూడోది బందరు రోడ్డు మీద షేర్ ఆటోలు ఎక్కడపడితే అక్కడ ఆగకుండా తీసెయ్యాలని. ఆ మూడోది వినగానే గుండె గుభేలుమంది. సరిగ్గా అలాంటి కాగితమే 1999లో నేనూ రాశాను.

అప్పుడు మేం పటమట వైపు ఉండేవాళ్లం. మా సందు మొదట్లోనే బస్టాపు. పొద్దున ఏడున్నరకల్లా జనం, హారన్లు, ఆగిన బస్సు వెనక నాలుగు కార్లు. కాలనీ సంఘానికి అప్పుడు నేనే కార్యదర్శిని. పిల్లలకి పాఠాలు చెప్పే దాన్ని కదా, కాగితం రాయడంలో నన్ను మించిన వాళ్లు లేరని పేరు. ట్రాఫిక్ ఆగిపోతోంది, పొగ ఇళ్లలోకి వస్తోంది, స్టాపు ఇక్కణ్నుంచి మార్చండి అని రాసి, ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించాను. ఊరికే రాయలేదు, లెక్క కూడా కట్టాను. గంటసేపు మేడ మీద నిలబడి ఎన్ని కార్లు ఆగాయో, ఎన్ని స్కూటర్లు ఆగాయో నోటుబుక్కులో గీతలు గీశాను. బస్సుకి మాత్రం ఒకే గీత. అందులోంచి ఎంతమంది దిగారో చూడాలని తోచలేదు.

రెండు నెలల్లో స్టాపు మార్చేశారు, రోడ్డుకి అవతల పక్క, బాగా ముందుకి. కాలనీలో నాకు శాలువా కప్పారు.

మా ఇంట్లో పని చేసే ఆవిడ సింగ్ నగర్ నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. ఆ తర్వాత నుంచి రోజూ ఆలస్యం. అడిగితే "దాటలేకపోతున్నానమ్మా" అనేది. నేను విసుక్కునేదాన్ని. ఒకరోజు అసలు రాలేదు, మర్నాడూ రాలేదు. మూడో రోజు సాయంత్రం ఆవిడ కొడుకు వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. నేను నోరు తెరవగానే అన్న మాట, "చెప్పాపెట్టకుండా మానేస్తే ఎలా రా?" అని. వాడు ఏమీ అనలేదు. చేతిలో ఉన్న మా టిఫిన్ క్యారియర్ కింద పెట్టాడు. పక్కంతా సొట్టపోయి ఉంది, ఒక గిన్నెకి మూత లేదు. రోడ్డు దాటుతుంటే స్కూటర్ కొట్టేసిందట, కాలు విరిగిందట. ఆ దెబ్బలో కూడా క్యారియర్ మాదని ఎవరో ఏరి ఇస్తే దాచి పంపింది.

ఆసుపత్రికి వెళ్లాను, డబ్బు ఇచ్చాను, ఏం ఇస్తే ఏం లాభం. ఆవిడ మళ్లీ ఎప్పుడూ సరిగ్గా నడవలేదు. నేను రాసిన కాగితంలో అబద్ధం ఒక్కటీ లేదు బుజ్జీ. పొగ నిజం, జామ్ నిజం. బస్సులో వచ్చే మనిషిని అడగకుండా రాశాను, అదే నా తప్పు. ఆ క్యారియర్ ఇప్పటికీ అటక మీద ఉంది, నీ చిన్నప్పుడు ఆడుకుంటానని ఏడిస్తే నిన్ను కసిరాను చూడు, అదే.

అందుకే ఆ మూడో డిమాండు కొట్టెయ్. షేర్ ఆటో ఎక్కేది సరదాకి కాదు, బస్సు రాక. 2025 ఆగస్టు 15 నుంచి సిటీ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు, మంచిదే, కానీ బస్సు వచ్చేదాకా రోహిణీ కార్తె ఎండలో నిలబడాలంటే నీడ కావాలి కదా. ఆటోలు తీసెయ్యమని కాదు, బస్సుకీ బస్సుకీ మధ్య వ్యవధి తగ్గించమని, ఆటోలు ఆగడానికి స్టాపుకి కాస్త ఎడంగా చోటు చూపించమని రాయండి. మీ వాదనకి బలం కావాలంటే 2006 జాతీయ పట్టణ రవాణా విధానం ఉంది, దాని సారాంశమే వాహనాలు కాదు, మనుషులు కదలాలని. ఫుట్‌పాత్ మీద అడ్డంకులు లేకుండా కనీసం 1.8 మీటర్ల దారి ఉండాలని రోడ్లకి ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎప్పుడో చెప్పింది. టేపు తీసుకెళ్లి కొలవండి. కొలుస్తుంటే తోపుడుబండ్ల వాళ్లు కంగారు పడతారు, వాళ్లని తీయించడానికి రాలేదని ముందే చెప్పండి. 2014 వీధి వ్యాపారుల చట్టం వాళ్లకీ చోటు చూపించమంటుంది.

ఎలక్ట్రిక్ బస్సులు అడగండి, తప్పకుండా. గాలి ప్రమాణాలు అందుకోలేదని కేంద్రం జాబితాలోకి ఎక్కిన ఊళ్లలో మనదీ ఉంది, గుంటూరూ ఉంది. కానీ పొగ రాని బస్సు తెచ్చినంత మాత్రాన జనం ఎక్కరు. బీఆర్‌టీఎస్ రోడ్డు చూడు, మధ్యలో బస్సులకని విడిగా దారి కట్టారు, అనుకున్నట్టు బస్సులు తిరగలేదు. అటూ ఇటూ బళ్లు దూసుకుపోతుంటే మధ్యలో ఉన్న స్టాపుకి ముసలివాళ్లు ఎలా చేరతారు? మెట్రో సంగతీ అంతే, గన్నవరానికో పెనమలూరుకో లైను వేసినా, దిగాక రోడ్డు దాటే ఇంటికి వెళ్లాలి.

కాలవ గట్ల సంగతి మీ కాగితంలో లేదేం? మా నాన్న రోజూ బందరు కాలవ గట్టున సైకిల్ మీద పనికి వెళ్లేవాడు, ముందు కడ్డీ మీద తువ్వాలు మడిచి నన్ను కూర్చోబెట్టుకుని. చెట్ల కింద ఎండే తగిలేది కాదు. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ, మూడూ ఊరి నడిబొడ్డు నుంచే పోతున్నాయి. నీడ ఉన్న సైకిల్ దారికి ఇంతకన్నా మంచి చోటు ఏ ఊళ్లో దొరుకుతుంది? అది రాయండి. అయితే గట్టు మీద ఇళ్లు వేసుకున్న వాళ్లతో ముందు మాట్లాడండి, వాళ్లని ఖాళీ చేయించడానికి మీ కాగితం సాకు కాకూడదు.

ఇంకో భయం కూడా ఉంది నాకు, చెప్పేస్తాను. లెక్కలు కడుతూ రోడ్డు మధ్యకి వెళ్లకు. ఫోన్ చూస్తూ దాటకు. నువ్వు నవ్వుతావని తెలుసు.

కాగితం ఈ సోమవారమే ఇవ్వాలని ఏముంది, వచ్చే సోమవారం ఇవ్వండి. ఈలోగా రేపు పొద్దున ఏడింటికి పటమటలో ఆ స్టాపు దగ్గరికి రా, నేనూ వస్తాను. గీతలు నువ్వు గియ్యి, దిగిన ప్రతి మనిషికీ ఒకటి. ఎక్కణ్నుంచి వస్తున్నారో నేను అడుగుతాను. గొడుగు తెచ్చుకో, నా మోకాళ్ల కోసం మడత కుర్చీ ఒకటి మీ అమ్మనడిగి పట్రా.

నీ పెద్దమ్మ