ఓవెన్‌లో మాంసం రోస్ట్ చేయడం: నిమిషాల కంటే లోపలి వేడి ముఖ్యం

కిలో మాంసాన్ని ఓవెన్‌లో ఎన్ని నిమిషాలు ఉంచాలని, పైన మాడకుండా, లోపల ఎండిపోకుండా ఎలా కాల్చాలని మీరు అడిగారు. నిమిషాల లెక్క ఒకటి చెప్పి ఊరుకోవచ్చు గాని, దానిని నమ్ముకుంటే ఫలితం ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. ఒకే బరువున్న రెండు ముక్కల్లో గుండ్రంగా, మందంగా ఉన్నది సన్నని దానికంటే చాలా ఆలస్యంగా కాలుతుంది. పైగా ఓవెన్‌ మీద మనం పెట్టిన అంకెకూ లోపలి అసలు వేడికీ తేడా ఉండడం మామూలే. అందుచేత నేను గడియారాన్ని పక్కన పెట్టి, ముక్కలోకి గుచ్చి చూసే థర్మామీటరు మీదనే ఆధారపడుతున్నాను.

దానిని అన్నిటికంటే మందమైన చోట, ఎముకకు తగలకుండా గుచ్చాలి. కోడి మాంసం లోపల 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. మేక, గొర్రె, పంది, పశు మాంసపు పెద్ద ముక్కలు 63 డిగ్రీలకు చేరి, బయటికి తీశాక కనీసం 3 నిమిషాలు ఆగితే చాలు. ఈ మాంసాల ఖీమాతో చేసినవైతే 71 డిగ్రీలు అవసరం. ఇవి అమెరికా వ్యవసాయ శాఖ సూచించిన కనీస పరిమితులు.

అయితే సురక్షితంగా ఉన్నంత మాత్రాన మెత్తగా ఉంటుందని కాదు. చాలామందికి నిరాశ ఎదురయ్యేది ఇక్కడే. వీపు భాగంలోని కండ పెద్దగా శ్రమపడదు కాబట్టి సహజంగానే మెత్తగా ఉంటుంది. దానిని 65 డిగ్రీలు దాటనిస్తే పోగులు బిగుసుకుని రసాన్ని బయటికి పిండేస్తాయి. జబ్బ, పిక్క వంటి భాగాల సంగతి ఇందుకు పూర్తిగా వేరు. వాటిలో కొల్లాజెన్ అనే గట్టి పదార్థం ఎక్కువగా ఉంటుంది. అది నెమ్మదిగా కరిగి జెలటిన్‌గా మారితే తప్ప ముక్క నమలడానికి లొంగదు. కాబట్టి వాటిని మూతపెట్టి, 150 డిగ్రీల ఓవెన్‌లో, లోపలి వేడి 90 డిగ్రీల దాకా వచ్చేవరకు గంటల తరబడి ఉంచాలి. ఇంత వేడికి రసం కొంత పోయినా, కరిగిన జెలటిన్ ఆ లోటును పూడుస్తుంది. అంటే ఏ భాగం తెచ్చుకున్నారో తెలియకుండా ఎవరు ఏ సలహా ఇచ్చినా, అందులో సగం ఊహే.

ఉప్పు విషయంలో తొందర పనికిరాదు. కిలోకు 10 నుంచి 12 గ్రాముల ఉప్పు ముందురోజు రాత్రే పట్టించి, మూత లేకుండా ఫ్రిజ్‌లో ఉంచితే, ఉప్పు లోపలికి ఇంకడమే కాక పైభాగం పొడిబారుతుంది కూడా. ఈ పొడిదనం ఎంత విలువైనదో కాల్చేటప్పుడు తెలుస్తుంది: తడి ఆరనంతసేపు ఆ చోట వేడి 100 డిగ్రీలు దాటదు, రంగునూ పరిమళాన్నీ ఇచ్చే మేలార్డ్ చర్య చురుకుగా సాగాలంటే సుమారు 140 డిగ్రీలు కావాలి. తేనె, చక్కెర కలిసిన పూత వేయదలిస్తే చివరి పది నిమిషాలకు ఆపుకోవడం మంచిది, లేకపోతే మీరు భయపడినట్టే మాడుతుంది.

ముందుగా పెద్ద మంట మీద వేయిస్తే పైపొర మూసుకుపోయి రసం లోపలే నిలుస్తుందని ఒక నమ్మకం ఉంది. పందొమ్మిదవ శతాబ్దంలో లీబిగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త వల్ల ఇది బాగా ప్రచారమైంది గాని, నిజం కాదు. అలా వేయిస్తే వచ్చేది రుచే. మెత్తని పెద్ద ముక్కలకు నేను ఈ క్రమాన్ని తిరగేస్తాను. ముందు 130 డిగ్రీల ఓవెన్‌లో, ట్రే మీద తీగల స్టాండు పెట్టి నిదానంగా కాల్చి, లోపల కావలసిన వేడి దాదాపు వచ్చాక బయటికి తీసి కాసేపు ఆగి, ఓవెన్‌ను 230 డిగ్రీలకు పెంచి కొద్ది నిమిషాలు మాత్రమే రంగు రానిస్తాను. ఇలా చేస్తే అంచు నుంచి మధ్య దాకా ముక్క ఒకే తీరుగా కాలుతుంది.

ఎక్కువ వేడిలో నేరుగా కాల్చిన పెద్ద ముక్క ఓవెన్ నుంచి తీశాక కూడా లోపల మూడు నుంచి ఐదు డిగ్రీలు పెరుగుతుంది, కనుక దానిని కాస్త ముందే తీయాలి, అయితే థర్మామీటరు 63 చూపాకే ఆ 3 నిమిషాలు లెక్కించాలి. కోడి విషయంలో మాత్రం నేను ఆ లెక్క వేసుకోను, 74 కనబడ్డాకే తీస్తాను. పావుగంట ఆగి, పోగులకు అడ్డంగా పలుచగా కోయండి. ట్రేలో దిగిన రసంలోని కొవ్వు తీసివేసి, కాస్త నీటితో మరిగించి మీద పోసుకోవచ్చు.