రెండు ఆడకుక్కలు ఒకేసారి హీట్‌కి (ఎదకి) రావడం
పెద్దది హీట్‌కి వచ్చిన పది రోజులకే చిన్నది కూడా మొదలుపెట్టింది, దాని టైమ్‌కి ఇంకా రెండు నెలలుంది, ఏమైనా రోగమా అని అడిగారు కదా, కంగారు పడకండి అండి. ఒకే ఇంట్లో ఉండే ఆడకుక్కల్లో ఇలా జరగడం పెంచేవాళ్ళు చాలామంది చూసిందే, కాకపోతే ప్రతిసారీ కలిసే వస్తాయని గ్యారంటీ ఏం లేదు. మామూలుగా ఆరేడు నెలలకోసారి, బసెంజీ లాంటి జాతులైతే ఏడాదికి ఒక్కసారే. మీ అసలు తలనొప్పి ఇంట్లో ఉన్న మగకుక్క! బ్లీడింగ్ తగ్గి రంగు పల్చబడగానే అయిపోయిందనుకుని వదిలేస్తారు, సరిగ్గా అప్పుడే కడుపొచ్చే ఛాన్స్ ఎక్కువ. చిన్నదానికి మొదలైన రోజు నుంచి లెక్కేసి 4 వారాలు మగదాన్ని వేరే గదిలో పెట్టండి, ఆడకుక్కలకి కట్టే డైపర్‌ని నమ్ముకోవద్దు. ఆ తర్వాత రెండు నెలల్లో ఆడవాటిలో ఏదైనా డల్‌గా ఉండి నీళ్ళు తెగ తాగుతున్నా, చీములా కారుతున్నా అదేరోజు డాక్టర్‌కి చూపించండి, గర్భసంచి ఇన్ఫెక్షన్ కావొచ్చు.