గాజులు ఎక్కడున్నాయో ఆయనకు చెప్పండి

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం. ఏడాదిగా ఫోనులో తుపాకుల ఆటకు బానిసయ్యాడు. రాత్రి రెండు దాటినా పడుకోడు. అన్నానికి పిలిస్తే ‘ఒక్క నిమిషం’ అంటాడు, అరగంటకీ రాడు. మావారికి ఎరువుల దుకాణం. ఆ డబ్బు వచ్చే ఖాతా నా ఫోనులోనే ఉంది. కరెంటు బిల్లు, గ్యాస్ డబ్బు కట్టేది అబ్బాయే కాబట్టి పిన్ వాడికి తెలుసు. అలా నాలుగు నెలల్లో 34,000 రూపాయలు ఆటలో పోశాడు. ఈ సంగతి ఆయనకు తెలియదు. నా గాజులు తాకట్టు పెట్టి డబ్బు తిరిగి వేశాను. అదీ ఆయనకు తెలియదు. ఆయన కోపిష్టి. ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు గానీ మాట చాలా కటువు. గాజులేవని అబ్బాయి అడిగితే మెరుగుకు ఇచ్చానన్నాను. ఫోన్లు రానివ్వని మంచి హాస్టల్ ఒకటి చెప్పండి. అసలు కారణం ఆయనకు తెలియకుండా ఎలా ఒప్పించాలో కూడా చెప్పండి. – ఒక తల్లి

జవాబు: అమ్మా, హాస్టల్ మాట వదిలేయండి. 2020 సెప్టెంబరులో కేంద్రం పబ్జీ మొబైల్‌ను నిషేధిస్తే ఎంతోమంది పిల్లలు ఆట మానలేదు, ఇంకో ఆటకు మారారు. మీవాడు హాస్టల్లో పది నెలలు పళ్లు బిగబట్టి, సెలవులకు ఇంటికొచ్చిన రాత్రే మొదలుపెడతాడు. పైగా మీరు వాడిని పంపాలనుకుంటున్నది చదువు కోసం కాదు, ఆయన కంటికి దూరంగా ఉంచడానికి.

ముందు ఆ ఆట సంగతి. ఒక సాయంత్రం మా చెల్లెలి మనవడి పక్కన కూర్చుని మొదటినుంచి చివరిదాకా చూశాను. వంద మంది విమానంలోంచి దూకుతారు. చుట్టూ ఒక గీత బిగుసుకుంటూ వస్తుంది, దాని బయట ఉన్నవాడు చస్తాడు. నలుగురిదో జట్టు. ముగిసేసరికి ఇరవై ఆరు నిమిషాలైంది. మధ్యలో వాళ్లమ్మ రెండుసార్లు పిలిచింది. వాడి చెవిలో మిగతా ముగ్గురు అరుస్తున్నారు, లేస్తే వాళ్లను నట్టేట ముంచినట్టే. మీవాడి ‘ఒక్క నిమిషం’ పొగరు కాదు. మధ్యలో వదిలి లేవలేకుండా ఆటను అలా కట్టారు. కంచంలో వడ్డించాక కాదు, వాడు కొత్త ఆట మొదలుపెట్టకముందే పిలవండి.

ఆట ముగియగానే తెరమీద ఒక చక్రం తిరిగింది. ఒకసారి పనికిరాని చొక్కా, ఇంకోసారి అదీ లేదు, ఎప్పుడో ఒకసారి మెరిసే తుపాకీ. స్కిన్నర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎన్నో ఏళ్ల క్రితమే పావురాల మీద ఈ కిటుకు కనిపెట్టాడు. ముక్కుతో పొడిచిన ప్రతిసారీ కాకుండా ఎప్పుడు పడుతుందో తెలియకుండా గింజ వేస్తే పక్షి ఆపకుండా పొడుస్తూనే ఉంటుంది. డబ్బు పెట్టి కొన్నా తెరిచేదాకా లోపల ఏముందో తెలియని ఇలాంటి కొన్ని ఆట పెట్టెలను బెల్జియం 2018లో జూదం కిందే లెక్కగట్టింది. డబ్బు కూడా రూపాయల్లో కనిపించదు. ముందు ఆటలో మాత్రమే చెల్లే డైమండ్లు కొనిపిస్తారు, తర్వాత డైమండ్లే ఖర్చవుతాయి. మీవాడికి 34,000 అనే అంకె ఏ రోజూ కంటపడి ఉండదు. ఫోర్ట్‌నైట్ ఆట తయారుచేసే ఎపిక్ గేమ్స్, పొరపాటున నొక్కినా డబ్బు పోయేలా బొత్తాలు అమర్చిందని, పెద్దల అనుమతి లేకుండా పిల్లలతో కొనిపించిందని అమెరికా ప్రభుత్వ సంస్థ ఆరోపించింది. 2022 డిసెంబరులో ఆ కంపెనీ ఒక్క ఈ వ్యవహారానికే 24.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ఇంత పెద్ద బుర్రలు కూర్చుని పన్నిన వలలో పదహారేళ్లవాడు పడ్డాడంటే వాడు చెడ్డవాడని నేననుకోను.

కానీ మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఆట కాదు. ‘ఆయనకు తెలియదు’, ‘అదీ ఆయనకు తెలియదు’, ‘ఆయనకు తెలియకుండా’. ఇంత చిన్న ఉత్తరంలో మూడుసార్లు! రూపాయిని డైమండ్ల చాటున ఆట కంపెనీవాళ్లు దాచారు. మెరుగుకు ఇచ్చానని చెప్పి మీరూ దాచారు. తన వేళ్లు నొక్కిన బొత్తాలకు అమ్మ చేతి గాజులు పోయాయని ఆ పిల్లవాడికి ఈ రోజుకీ తెలియదు. వాడికి అది తెలిసే హక్కు ఉంది.

ఇది ఈ నాలుగు నెలల్లో మొదలై ఉండదు. మార్కులు తగ్గితే నాన్నకు చెబుతానని బెదిరించడం, తీరా చెప్పకుండా కాపాడటం. ఇది మనకెవరికి తెలియదు? మగవాడి కోపం చుట్టూ ఇల్లంతా మెత్తలు పరుస్తూ బతకడం పుట్టింట్లోనే నేర్పుతారు, దానికి ఓర్పని పేరు పెడతారు. నేనలా అనను. అది ఆడదాని ఆత్మగౌరవాన్ని కొద్దికొద్దిగా కొరుక్కు తింటుంది. ఆయనకూ అన్యాయమే. పొద్దున్నే పోయి రాత్రికి వచ్చే మనిషికి కొడుకు గురించి ఏమీ తెలియనివ్వకపోతే, ఆయన మార్కులు తప్ప ఇంకేం అడుగుతాడు? మాట కటువుగా ఉంటుందన్నారు, ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదనీ మీరే రాశారు. మీ భర్తను మీరే ఇంట్లో బూచిని చేశారమ్మా. కష్టంగా ఉన్నా ఈ మాట చెప్పక తప్పదు.

కాబట్టి దుకాణానికి సెలవున్న రోజు, అబ్బాయి ఇంట్లో లేనప్పుడు, తాకట్టు రసీదు తీసి ఆయన చేతిలో పెట్టండి. సంజాయిషీలతో మొదలుపెట్టకండి. ‘34,000 పోయింది, గాజులు అక్కడున్నాయి, మీకు చెప్పడానికి భయపడ్డాను’ అంటే చాలు. అరుస్తారు. అరవనివ్వండి. ఒంటరిగా చెప్పడానికి మరీ బెదురైతే మీ అన్ననో తమ్ముడినో పక్కన కూర్చోబెట్టుకోండి.

ఆయన కోపం చల్లారాక, మీరిద్దరూ కలిసి అబ్బాయికి చెప్పండి. రసీదు వాడినే చదవమనండి. ఆ 34,000 వాడే తీర్చాలి. సాయంత్రం రెండు గంటలు దుకాణంలో నాన్న పక్కన కూర్చుని బస్తాల లెక్క రాస్తే నెలకు ఇంతని జమ కట్టండి. పిన్ ఈ రోజే మార్చండి. ఫోను మాత్రం ఒక్కసారిగా లాక్కోకండి. రాత్రి పదింటికి ముగ్గురి ఫోన్లూ హాల్లో ఒకేచోట ఉండాలి, మీ ఆయనదీ మీదీ కూడా.

ఆటమీద అదుపు పోవడం, చదువూ నిద్రా కంటే అదే ముఖ్యమవడం, నష్టం కళ్లముందే కనబడుతున్నా ఆపలేకపోవడం. ఏడాది పాటు ఇలా సాగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని జబ్బుగానే పరిగణిస్తోంది. 2022 నుంచి అమల్లో ఉన్న వాళ్ల జబ్బుల జాబితాలో అది ఉంది. మీరు ‘ఏడాదిగా’ అని రాశారు, అందుకే మానసిక వైద్యుడికి ఒకసారి చూపించండి. ముందుగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. వైద్యుడి దగ్గరకు ముగ్గురూ వెళ్లండి. దుకాణం ఒక పూట మూసినా ఫరవాలేదు.

గాజుల వడ్డీ కట్టే తేదీ వచ్చినప్పుడు అబ్బాయినీ వెంట తీసుకెళ్లండి. డబ్బు వాడి చేత్తోనే కట్టించండి.